మంచు అంటే ఏ మంచో చెప్పండి

హైదరాబాద్ వాతావరణ కేంద్రం అధిపతి గారికి,
బేగంపేట.



నేను హైటెక్ సిటీలో పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ని. పుట్టి పెరిగింది నర్సీపట్నం దగ్గర, లంబసింగి ఘాట్ రోడ్డు మొదలయ్యే డౌనూరుకు ఇవతల. చలికాలంలో కొండల మీద వాతావరణం ఎలా ఉంటుందో, ఎక్కడ ఎంత మంచు పడుతుందో రోజూ తెలుగులో చెప్పే బులెటిన్ ఒకటి కావాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొండలు లేని మాదాపూర్ నుంచి ఈ మాట ఎందుకు అడుగుతున్నానో కొంచెం విడమరిచి చెప్పాలి. ఓపిగ్గా చదవమని మనవి.

డిసెంబర్ వచ్చిందంటే మా దగ్గర గురువారం సాయంత్రాలు మారిపోతాయి. రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర, మైండ్‌స్పేస్ గేటు బయట టీ బండ్ల దగ్గర, లిఫ్టుల్లో, క్యాంటీన్లలో ఒకటే ప్రశ్న: ఈ వారం ఎక్కడికి? శుక్రవారం రాత్రి కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో బస్సెక్కితే తెల్లారేసరికి తుని చుట్టుపక్కల ఉంటారు. అక్కణ్నుంచి వ్యాన్‌లో లంబసింగి, చెరువులవేనం. ఇంకో రోజు సెలవు కలిసొస్తే వంజంగి, అరకు. నాలుగైదు రోజులు దొరికితే మనాలీ, గుల్మార్గ్. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ నడుమ సెలవు పెట్టగలిగిన కుర్రాళ్లు ఉత్తరకాశీ జిల్లాలోని సాంక్రి చేరుకుని, 12,500 అడుగుల కేదార్‌కంఠ ఎక్కి వస్తున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ తర్వాత మన పిల్లలకు కొండలంటే భయం పోయింది. మంచి సంగతే. అయితే ఎవరెస్ట్ మీదికి వెళ్లేవాళ్లు పైన గాలి ఎప్పుడు తగ్గుతుందో చెప్పే సూచన కోసం కింద గుడారాల్లో రోజుల తరబడి కాచుకుంటారు. మా వాళ్లు కాచుకునేది సెలవు మంజూరు కోసం. తేదీ ముందే ఖాయమైపోతుంది, వాతావరణం సంగతి ఆ తర్వాత, అదీ గుర్తొస్తే.

కిందటి వారం మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఫోన్ చూపించాడు. “అన్నా, లంబసింగిలో స్నో పడుతుందంట. ఈ వీకెండ్ పోదామా?” తెర మీద ఏదో వార్త. లంబసింగిలో మంచు కురుస్తోందని శీర్షిక. ఫొటోలో ఉన్నది లోయ నిండా పొగమంచు. లోపల రాసింది గడ్డి మీద పేరుకున్న మంచు గురించి. ఆ అబ్బాయి కళ్లముందు మెదిలింది మాత్రం సినిమాల్లో చూసిన తెల్లటి హిమపాతం. మూడు వేర్వేరు సంగతులకు ఒక్కటే మాట.

తెలుగులో మంచు అన్న మాట చాలా బరువు మోస్తుంది. తెల్లారగట్ల అరిటాకు మీంచి జారే చుక్క మంచు. ఘాట్ మలుపులో ఎదురొచ్చే లారీని కనపడనీయకుండా చేసేది మంచు. గడ్డిపరకల మీద ఉప్పు చల్లినట్టు కనిపించేది మంచు. రోహ్‌తాంగ్‌లో నడుం లోతున పడేదీ మంచే. సాయంత్రం ఏడు దాటి వాకిట్లో తిరుగుతుంటే మా నాయనమ్మ “మంచు పడిపోతంది, తలకి గుడ్డ కట్టు” అనేది. ఆవిడ చెప్పిన మంచుకి తలగుడ్డ సరిపోయేది. వేడి నేల మీద బతికిన జనానికి తరతరాలుగా అంతకుమించిన వివరం అక్కర్లేకపోయింది. ఇప్పుడు అక్కరపడింది. ఒక్కో మంచు మనిషిని ఒక్కో విధంగా దెబ్బతీస్తుంది. పొగమంచు రోడ్డు మీద ప్రాణం తీస్తుంది, పేరిన మంచు ఆరుబయట పడుకున్నవాళ్లను పట్టుకుంటుంది, హిమం దారి మూసేస్తుంది, కరిగి మళ్లీ గడ్డకట్టింది కాలు జారుస్తుంది, టైరు జారుస్తుంది. అందుకే నా మొదటి విన్నపం చాలా చిన్నది. మీ తెలుగు బులెటిన్‌లో ఒక్కో మంచుకు ఒక్కో మాట ఖాయం చేయండి. తేమ మంచు, పొగమంచు, పేరిన మంచు, హిమపాతం, రోడ్డు మీద గడ్డకట్టిన మంచు. ఇవే కానక్కర్లేదు, ఇంతకన్నా మంచి మాటలు మన్యంలో ఉంటాయి, అడిగి తెలుసుకోవచ్చు. మీరు ఒకసారి స్థిరపరిస్తే పత్రికలూ టీవీలూ నెమ్మదిగా అదే దారికొస్తాయి. వాయుగుండం, అల్పపీడనం లాంటి మాటలు ఇంటింటి మాటలైంది ఇలాగే కదా.

లంబసింగి సంగతి ఇంకాస్త చెప్పాలి. ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. సముద్రమట్టానికి ఊరు సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్లు. కిలోమీటరు ఎత్తుకు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన చూస్తే రెండు చోట్లకూ తేడా మూడు డిగ్రీలే రావాలి. అయినా కొన్ని రాత్రులు అక్కడ సున్నాకు దగ్గరగా దిగుతుంది. కారణం మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మబ్బు లేని, గాలి కదలని పొడి రాత్రుల్లో నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి, కొండవాలు వెంట నీళ్లలాగే కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. అంత చలికి కారణమైన ఆ తేటైన ఆకాశమే అక్కడ హిమపాతం పడకపోవడానికీ కారణం. హిమం పడాలంటే మబ్బు పట్టాలి. లంబసింగిలో మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలుగులో సూటిగా చెప్పి ఉంటే, స్నో చూద్దామని పన్నెండు గంటలు బస్సులో కూర్చుని వెళ్లినవాళ్లకు ఆ ఆశాభంగం తప్పేది. దాని బదులు అక్కడ నిజంగా ఉన్న అందం కోసం వెళ్లేవాళ్లు. చెరువులవేనం మీద నిలబడి కింద లోయలో మబ్బుల సముద్రం చూడటం తక్కువ భాగ్యమేమీ కాదు.

ఇంకో సంగతి. లంబసింగికి దగ్గర్లోని చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రత మర్నాడు పత్రికల్లో ఒక అంకెగా కనిపిస్తుంది. 3 డిగ్రీలు అనుకోండి. థర్మామీటరు నేల మీద ఉండదు, గాలి ఆడే తెల్ల పెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. ఆ రాత్రి నేల మీది గడ్డి దానికన్నా రెండు మూడు డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే చల్లబడుతుంది. అందుకే సున్నా కాకపోయినా మంచు పేరుకుంటుంది. మా వాళ్లు పడుకునేది ఆ గడ్డి మీద, పల్చటి గుడారంలో. అంటే వాళ్లకు కావలసిన అంకె పత్రికలో వచ్చే అంకె కాదు. గుడారంలో పడుకునేవాళ్లకు నేల దగ్గర ఎంత ఉంటుందో మీరు అదనంగా ఒక వాక్యం రాస్తే చాలు.

ఈ తేడా అర్థం కావడానికి మన్యం దాకా కూడా పోనక్కర్లేదు. చలి బాగా ముదిరిన రాత్రుల్లో సెంట్రల్ యూనివర్సిటీ, శేరిలింగంపల్లి వైపు పాదరసం మీ బేగంపేటకన్నా కిందికి దిగుతుంది. చెట్లు, బండలు, ఖాళీ నేల ఉన్నచోట వేడి త్వరగా వెళ్లిపోతుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే మా అద్దాల మేడలు, కాంక్రీటు రోడ్లు పగటి వేడిని రాత్రంతా పట్టుకుని ఉంటాయి. నైట్ షిఫ్టు ముగించుకుని గచ్చిబౌలి నుంచి నల్లగండ్ల వైపు బండి మీద వెళ్లేవాడికి ఈ తేడా చెవులకే తెలిసిపోతుంది. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్టేషన్లు పెట్టి మండలాలవారీగా లెక్కలు ఇస్తోంది కాబట్టే మాకు ఇవి తెలుస్తున్నాయి. చోటును బట్టి చెప్పిన అంకెకు ఎంత విలువ ఉంటుందో ఈ ఐటీ కారిడార్‌లో ఉన్నవాళ్లందరికీ అనుభవమే.

ఇక హిమాలయాల మాట. అక్కడి చలికాలపు హిమపాతానికి మూలం వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని మీరు పిలిచే అలజడులు. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా చలికాలంలో నెలకు నాలుగైదు వస్తాయి. ఒక్కో అలజడి దాటి వెళ్లాక ఉత్తరాది పొడి గాలులు కిందికి దిగి, కొన్ని రోజులకు ఆదిలాబాద్‌లోనూ శేరిలింగంపల్లిలోనూ మనల్ని వణికిస్తాయి. రోహ్‌తాంగ్ మీద పడిన హిమానికీ గచ్చిబౌలి చలికీ చాలాసార్లు చుట్టరికం ఉంటుంది. కానీ మా చేతికి ఆ రెండూ రెండు వేరు వార్తలుగా అందుతాయి. ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లోనో హిందీలోనో.

ఆ అలజడి ఒకటే అయినా ఎత్తును బట్టి దాని రూపం మారిపోతుంది. మనాలీ 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాన పడుతున్న పూటే కాస్త పైనున్న సోలంగ్‌లో తడి హిమం పడవచ్చు, 3,100 మీటర్ల దగ్గరున్న అటల్ టన్నెల్ ముఖం దగ్గర రోడ్డు మూసుకుపోవచ్చు. హోటల్ గదిలోంచి వాన చూసి “పెద్దగా ఏం లేదు” అనుకుని బయల్దేరిన కారు గంటన్నరలో వేరే ప్రపంచంలో ఉంటుంది. 2024 డిసెంబర్ చివరి వారంలో సోలంగ్‌కూ టన్నెల్‌కూ నడుమ సుమారు వెయ్యి వాహనాలు గంటల తరబడి చిక్కుకుపోయాయి, పోలీసులు రాత్రిపూట జనాన్ని దించారు. అందుకే ఊరి పేరుతో పాటు ఎత్తు చెప్పాలి. ఎన్ని మీటర్ల పైన వాన హిమంగా మారుతుందో చెప్పాలి. మీ విభాగంలో ఈ లెక్క వేసేవాళ్లు ఉన్నారు, అది మా దాకా రావడమే లేదు.

అంకెలు కూడా మా అలవాటుకు అడ్డం తిరుగుతాయి. 30 మిల్లీమీటర్లంటే మన ఊళ్లో ఓ మోస్తరు వాన, గొడుగుతో గట్టెక్కవచ్చు. అంతే నీరు కొత్త హిమంగా పడితే రమారమి అడుగు మందం. పది సెంటీమీటర్ల హిమం కరిగితే సెంటీమీటరు నీరు అన్న ఈ మోటు లెక్క కొండప్రాంతపు పిల్లవాడికి పుట్టుకతో తెలుసు. కూకట్‌పల్లిలో పెరిగినవాడికి ఎవరు చెబుతారు? అలాగే “ఒకటి రెండు చోట్ల”, “కొన్ని చోట్ల”, “చాలా చోట్ల” అని మీరు రాసేవి. మీ లెక్కలో మొదటిదానికి ఆ ప్రాంతంలోని నాలుగోవంతు స్టేషన్ల లోపు అని అర్థం, రెండోదానికి సగం లోపు, మూడోదానికి ముప్పాతిక లోపు. చదివేవాళ్లు దాన్ని వాన తీవ్రత అనుకుంటారు. “ఒకటి రెండు చోట్లేగా” అని ధైర్యపడి, తాము వెళ్లే లోయే ఆ ఒకటి కావచ్చని అనుకోరు. చలిగాలుల మాటకూ అంతే. మైదానంలో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే మీరు చలిగాలి అంటారు. కొండ ప్రాంతంలో సున్నాకు దిగాలి. రెండుచోట్లా వాడే మాట ఒకటే, పిలిచే చలి వేరు. బులెటిన్ అడుగున నాలుగు వరుసల్లో ఇవన్నీ రాయవచ్చు.

ఇంత వివరం ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి కొన్ని చావుల పేరెత్తక తప్పదు. ఆ కుటుంబాలను నొప్పించడం నా ఉద్దేశం కాదు.

2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో, వుడ్స్ కాన్యన్ లేక్ అనే కొండ చెరువు మీద గడ్డకట్టిన మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. గుంటూరు జిల్లా వైపు నుంచి వెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వేడి ఊళ్లో కాపురం, పండుగ సెలవులకు కొండకు ప్రయాణం. చెరువు గట్టిగా కనిపించింది. పైకి గట్టిగా కనిపించే మంచు మనిషి బరువు మోయకపోవచ్చన్న ఎరుక మన రక్తంలో లేదు. మన తాతలెవరూ గడ్డకట్టిన చెరువు చూడలేదు. ఆ వార్త చదివిన రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో చాలా ఇళ్లల్లో అమెరికాకు ఫోన్లు చేసుకున్నారు.

అదే ఏడాది జనవరిలో పాకిస్తాన్‌లోని మరీ అనే కొండ ఊళ్లో, హిమపాతం చూడటానికి వెళ్లినవాళ్లు వేల కార్లతో రోడ్డు మీద ఇరుక్కుపోయారు. కనీసం 22 మంది కార్లలోనే ప్రాణాలు వదిలారు. చలికి ఇంజన్ ఆపకుండా హీటరు వేసుకుని అద్దాలు బిగించుకుంటే, పొగ గొట్టం హిమంలో కూరుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. భారీ హిమపాతం ఉంటుందని అక్కడి వాతావరణ శాఖ ముందే చెప్పింది. చెప్పిన మాట బయల్దేరే ఇంటికి చేరలేదు, చేరినా ప్రయాణాన్ని ఆపలేదు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో హిమచరియ కింద కూరుకుపోయిన మద్రాస్ రెజిమెంట్ జవాన్లలో అప్పటి కర్నూలు జిల్లా బిడ్డ ఒకడు. రాయలసీమలో, వాన కోసం ఆకాశం చూసే పల్లెలో, ఒక తల్లి ఆ వారం హిమం గురించిన వార్తల కోసం ఎదురుచూసింది. సైన్యంలో ఉన్న తెలుగు బిడ్డల ఇళ్లు ఎన్నో. మంచు కబురు విహారయాత్రలకు వెళ్లేవాళ్లకు మాత్రమే కావాలనుకోవద్దు.

ఇంకొకటి చలికాలపుది కాదు, అయినా హైదరాబాద్ మరిచిపోలేనిది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో, పైనున్న లార్జి డ్యామ్ వదిలిన నీళ్లకు మన నగరపు ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. కొండ మీద ఏం జరుగుతోందో కింద నిలబడ్డవాళ్లకు తెలియలేదు. నాకు తెలిసి ఈ కారిడార్‌లో ఆ పిల్లలతో కలిసి చదివినవాళ్లు ఇప్పటికీ ఉద్యోగాలు చేస్తున్నారు.

నా సొంత అనుభవం వీటి పక్కన చిన్నది. రెండేళ్ల కిందట మేం తొమ్మిది మందిమి లంబసింగి వెళ్లాం. పుట్టిన ఊరి దారి కదా అని నేనే తీసుకెళ్లాను. గుడారాలు వేసినవాళ్లు, చలి ఎక్కువగా ఉందని, బొగ్గుల కుంపటి తెచ్చి ఒక గుడారంలో పెట్టి, జిప్పు వేసుకుని పడుకోమన్నారు. మంచి మనసుతోనే చేశారు. అర్ధరాత్రి దాటాక ఆ గుడారంలోని ఒక అబ్బాయికి తల తిరిగి వాంతి అయ్యింది. పక్కనున్నవాడికి మెలకువ రావడంతో ఇద్దర్నీ బయటికి లాగాం. నెగడు దగ్గర కూర్చోబెడితే తెల్లారేసరికి తేరుకున్నారు. ఆ రోజు సాయంత్రం నేను వాతావరణ వార్త చదివాను. చలి పెరుగుతుందని ఉంది. మూసిన గుడారంలో కుంపటి పెట్టొద్దన్న మాట నాకు తట్టలేదు, కొండల పక్కన పుట్టి పెరిగినవాణ్ని అయినా. మా ఇళ్లల్లో కుంపటి ఎప్పుడూ వసారాలోనే ఉండేది, నాలుగు వైపులా గాలి ఆడేది. గుడారం వసారా కాదు. మీ చలిగాలుల హెచ్చరికల్లో జాగ్రత్తలు ఉంటాయని నాకు తెలుసు. అవి ఇంట్లో ఉండేవాళ్ల కోసం రాసినవి. ప్రయాణంలో ఉన్నవాళ్ల కోసం రెండు వాక్యాలు కలపమని అడుగుతున్నాను.

ఇది హైదరాబాద్ కేంద్రం పనేనా అని మీరు అడగవచ్చు. లంబసింగి అమరావతి కేంద్రం పరిధి, మనాలీ సిమ్లా కేంద్రం పరిధి. నిజమే. దీనికి జవాబు మా పక్కనే ఉంది. కొండాపూర్ నుంచి కొద్ది దూరంలో, ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉంది. మీ మంత్రిత్వ శాఖే దానికీ తల్లి. హైదరాబాద్‌కు సముద్రం లేదు. అయినా 1999లో మొదలైన ఆ సంస్థ ఇక్కడ కూర్చుని, చేపలు ఎక్కడ దొరకవచ్చో, అలలు ఎంత ఎత్తున లేస్తాయో మత్స్యకారులకు వాళ్ల భాషల్లో చెబుతోంది, తెలుగుతో సహా. 2007 నుంచి హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరికలు కూడా అక్కణ్నుంచే. పడవ కదలకముందే కనిపించేలా ఫిషింగ్ హార్బర్లలో ఎలక్ట్రానిక్ బోర్డులు పెట్టారు. సముద్రం లేని ఊరు సముద్రం కబురు చెబుతున్నప్పుడు, మంచు లేని ఊరు మంచు కబురు చెప్పలేదా? రైతుకు మీరు మంగళవారం, శుక్రవారం వ్యవసాయ సలహాలు తెలుగులో ఇస్తున్నారు. బెస్తవారికి ఒకటుంది, రైతుకు ఒకటుంది. చలికాలంలో కొండెక్కేవాళ్లకు లేదు.

ఫోన్లకు హెచ్చరికలు వస్తున్నాయి కదా అనవచ్చు. అవి ప్రమాదం ఉన్నచోట ఉన్న ఫోన్లకు వస్తాయి. సోలంగ్‌లో ఇరుక్కున్నాక ఫోన్ మోగితే ఉపయోగం ఎంత? ప్రయాణం నిశ్చయమయ్యేది ఇక్కడ, గురువారం సాయంత్రం, టీ తాగుతూ. మాట అక్కడికి రావాలి, ఆ పూటకు రావాలి. మెట్రో యాజమాన్యంతో మాట్లాడి రాయదుర్గం స్టేషన్‌లో, హైటెక్ సిటీ స్టేషన్‌లో ఒక్కో బోర్డు పెట్టించండి. కార్తీక పౌర్ణమి నుంచి శివరాత్రి దాకా చాలు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. బోర్డు ఒక సగంలో మన కొండలు: లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు, ఆదిలాబాద్ అడవులు. ఏ గంట నుంచి ఏ గంట దాకా పొగమంచు, ఎన్ని మీటర్ల దూరం కనపడుతుంది. మీ లెక్కలో 200 మీటర్ల లోపైతే దట్టం, 50 లోపైతే అతి దట్టం. తెల్లవారుజామున మూడున్నరకు నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కించే డ్రైవరుకు ఆ ఒక్క అంకె చాలు, ఆరింటి దాకా ఆగాలో వద్దో తేల్చుకుంటాడు. రెండో సగంలో హిమాలయం: మనాలీ, గుల్మార్గ్, సాంక్రి, ఔలీ. ఎత్తు, హిమం మందం సెంటీమీటర్లలో, మూసిన దారులు. హిమచరియల ప్రమాదం గురించి డీఆర్‌డీవో వాళ్ల సంస్థ ఇచ్చే హెచ్చరిక ఉంటే ఒక రంగు గుర్తు. హిమం ఆగి ఎండ కాసిన మర్నాడు కూడా ఒక హెచ్చరిక పెట్టండి. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన రోడ్డు కొత్త హిమం పడిన రోడ్డుకన్నా మోసం చేస్తుంది, ఆకాశం మాత్రం నీలంగా ఉంటుంది.

నేను ఒక వైపే మాట్లాడుతున్నానని అనిపిస్తే అది నా పొరపాటు. చలిని చూడటానికి వెళ్లేవాళ్లం మేం, చలిలో ఉండేవాళ్లు మన్యం జనం. నవంబర్ నుంచి కాఫీ పళ్లు ఏరే ఆడవాళ్లు మంచు ఆరకముందే తోటల్లోకి దిగుతారు. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు తెల్లవారకముందే చన్నీళ్ల దగ్గర నిలబడతారు. పేరిన మంచు రాత్రికి రాత్రి లేత మొక్కను మాడ్చేస్తుంది, సాయంత్రమే తెలిస్తే గడ్డి కప్పుకోవచ్చు, నీళ్లు పెట్టుకోవచ్చు. వీళ్లకు ఫోన్ సిగ్నల్ అందని ఊళ్లున్నాయి. అదే బులెటిన్‌ను విశాఖ రేడియోలో సాయంత్రం చదివించే ఏర్పాటు అమరావతి కేంద్రంతో కలిసి చేయండి. మా కోసం మొదలుపెట్టింది వాళ్లకు ముందు చేరితే నాకు అంతకన్నా సంతోషం లేదు.

మీ విభాగం 1875లో పుట్టింది. నూట యాభై ఏళ్లు నిండిన సందర్భంలో 2025 జనవరిలో వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసం మొదలైంది. అదే ఏడాది మే నెలలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చి, పన్నెండు కిలోమీటర్ల గడిలో చూసే అంచనాను ఆరు కిలోమీటర్లకు తెచ్చింది. ఆరు కిలోమీటర్లంటే మనాలీ వేరు, సోలంగ్ వేరుగా కనబడే దూరం. ఇంత కష్టపడి వేసిన లెక్క మాదాపూర్‌లో ఫోన్ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడికి “మంచు పడుతుంది” అన్న రెండు మాటలుగా చేరుతోందంటే నాకు నిజంగా బాధగా ఉంది.

రేపు రాత్రి మా ఫ్లోర్ నుంచి పదకొండు మంది మనాలీ బయల్దేరుతున్నారు. వాళ్లలో ఎవరూ ఇంతకుముందు హిమం చూడలేదు. సిమ్లా కేంద్రం ఇచ్చిన ఈరోజు బులెటిన్‌ను నేను కూర్చుని తెలుగు చేసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎత్తులు పక్కన రాశాను, మిల్లీమీటర్లను అంగుళాల మందంలోకి మార్చాను, కారు ఆగిపోతే ముందు పొగ గొట్టం చుట్టూ హిమం తీసేయాలని, ఒక అద్దం కొంచెం దించి ఉంచాలని పెద్ద అక్షరాల్లో పెట్టాను. గంటలో అది ఇంకో ఆరు గ్రూపులకు వెళ్లిందని చెప్పారు. స్నో పడుతుందంటూ ఫోన్ చూపించిన అబ్బాయి మాత్రం లంబసింగికే వెళ్తున్నాడు, మబ్బుల కోసం.

అనువాదానికి మనుషులు కావాలంటే ఈ కారిడార్‌లో సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగా ఉండేవాళ్లను పోగు చేయడం నా పూచీ. బేగంపేటకు రమ్మంటే వస్తాం.

భవదీయుడు,
హైటెక్ సిటీలో పనిచేసే నర్సీపట్నం వాసి